పికప్ బండి డిఫరెన్షియల్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చీనీ మార్కెట్టుకూ, కర్నూలు ఉల్లి మార్కెట్టుకూ, బేతంచర్ల, తాడిపత్రి బండల ఫ్యాక్టరీలకూ తిరిగే పికప్ బండ్ల యజమానులు ఇంజను ఆయిల్ విషయంలో శ్రద్ధగానే ఉంటారు. వెనక యాక్సిల్ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ ఆయిల్‌ను చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం చాలామంది వెంటనే చెప్పలేరు. మార్చాలనుకున్నవారికి వచ్చే సందేహాలు దాదాపు ఒకటే కనుక, వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. కొలతలు, గ్రేడుల విషయంలో ఇక్కడి మాటకూ మీ బండి మాన్యువల్‌కూ తేడా వస్తే మాన్యువల్‌నే పాటించండి.

## పని మొదలుపెట్టక ముందు

డిఫరెన్షియల్ అసలు ఏం చేస్తుంది? దానికి ప్రత్యేకమైన ఆయిల్ ఎందుకు?

ఇంజను బలం గేర్ బాక్సు నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా వెనక్కి వస్తుంది. డిఫరెన్షియల్ దాన్ని పక్కకు మళ్ళించి రెండు వెనక చక్రాలకూ అందిస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది కనుక, రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కూడా కల్పిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఉండే చిన్న గేరును పినియన్ అనీ, అది తిప్పే పెద్ద గేరును క్రౌన్ వీల్ అనీ అంటారు. చాలా పికప్‌లలో పినియన్ క్రౌన్ వీల్ మధ్యరేఖకు ఎదురుగా కాక కొంచెం కిందుగా కూర్చుంటుంది. అందువల్ల వాటి పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక పక్కకు జారుతూ గట్టిగా రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే ఈ ఆయిల్‌లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన రసాయనాలు ఉంటాయి. పళ్ళు వేడెక్కిన చోట అవి లోహం మీద పలుచని రక్షణ పొరగా ఏర్పడతాయి. కొత్త డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన గంధకం వల్లనే వస్తుంది. అది ఆయిల్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు.

మాన్యువల్‌లో రాసినదానికంటే ముందే మార్చమని మెకానిక్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మాన్యువల్‌ను మరొకసారి పూర్తిగా చదవండి. చాలా మాన్యువల్‌లలో మామూలు వాడకానికి ఒక గడువు, కఠినమైన వాడకానికి అంతకంటే తక్కువ గడువు వేరువేరుగా ఉంటాయి. రోజూ పూర్తి లోడుతో తిరగడం, దుమ్ము రోడ్లు, ఎండ 40 డిగ్రీలు దాటే నెలలు, కడప నుంచి రాయచోటికి వెళ్ళే గువ్వలచెరువు ఘాట్ లేదా నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ వంటి ఎక్కుడు దారులు అన్నీ కఠినమైన వాడకం కిందికే వస్తాయి. మన జిల్లాల్లో సరుకు తోలే పికప్‌లలో ఎక్కువ భాగం ఈ రెండో వర్గానికి చెందినవే కనుక, మెకానిక్ చెప్పింది తరచుగా మాన్యువల్‌లోని ఆ రెండో అంకే అయి ఉంటుంది. కొత్త బండి విషయంలో మొదటి మార్పును మాత్రం వాయిదా వేయకూడదు. కొత్త పళ్ళు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే లోహపు పొడి అంతా ఆ మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది.

ఇన్నేళ్ళుగా మార్చలేదు, బండి బాగానే నడుస్తోంది. ఇప్పుడు మార్చకపోతే ఏమవుతుంది?

ఇంజను ఆయిల్ తగ్గితే ముందు అద్దం కింద ఎర్ర దీపం వెలుగుతుంది. డిఫరెన్షియల్‌కు అలాంటి దీపం ఏదీ లేదు. రక్షణ రసాయనాలు క్రమంగా ఖర్చయిపోతాయి, లోహపు పొడి పెరుగుతుంది, ఆ పొడి బేరింగుల మధ్య చేరి వాటిని అరగదీస్తుంది. బేరింగులు వదులైతే పినియన్ తన స్థానం నుంచి కదులుతుంది, పళ్ళు తప్పుగా కూర్చుంటాయి, ఊళ మొదలవుతుంది. ఆ దశకు వచ్చాక కొత్త ఆయిల్ పోసినా అరిగిన లోహం తిరిగి రాదు. క్రౌన్, పినియన్‌లను జతగానే తయారు చేస్తారు, జతగానే అమ్ముతారు. ఒకటి పోతే రెండూ మార్చవలసిందే. బేరింగులు, కూలి, బండి నిలిచిపోయిన రోజుల బాడుగ కలిపితే ఆ ఖర్చు ఆయిల్ ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది. బాగానే నడుస్తున్న బండికే ఈ పని చేయాలి.

వెనక నుంచి ఊళ వస్తోంది. ఆయిల్ మారిస్తే పోతుందా?

ఆయిల్ తక్కువై వచ్చిన శబ్దమైతే తగ్గవచ్చు. పళ్ళు అరిగి వచ్చినదైతే పోదు. ఎప్పుడు వస్తోందో గమనించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా మారే ఊళ సాధారణంగా క్రౌన్-పినియన్ నుంచి వస్తుంది. బండిని ఎడమకో కుడికో తిప్పినప్పుడు హెచ్చుతగ్గులయ్యే శబ్దం చక్రం బేరింగుది కావచ్చు. బండి కదిలించిన క్షణంలో వచ్చే 'టక్' శబ్దానికి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (దాని చివరల కీళ్ళు) కూడా కారణం కావచ్చు. కొంతమంది ఊళను అణచడానికి మరీ చిక్కటి ఆయిల్ పోస్తారు. శబ్దం కొన్నాళ్ళు తగ్గుతుంది, లోపల అరుగుదల మాత్రం ఆగదు. బండి అమ్మేవాళ్ళకు తప్ప నడుపుకొనేవాళ్ళకు దానివల్ల మేలు లేదు.

వారంటీలో ఉన్న బండికి ఇంట్లో మార్చుకోవచ్చా?

వారంటీ పూర్తయ్యే వరకు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించి బిల్లులు భద్రపరచుకోవడం మంచిది.

## ఆయిల్ కొనేటప్పుడు

90 వేయాలా, 140 వేయాలా? మన ఎండలకు చిక్కటిదే మంచిదంటారు కదా?

డబ్బా మీద 80డబ్ల్యూ-90 అనో 85డబ్ల్యూ-140 అనో ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనాన్ని సూచిస్తుంది. గడ్డకట్టే చలి ఎరుగని మన ప్రాంతంలో మొదటి అంకె గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు; చూడవలసింది రెండోదాన్నే. ఎండ ఎక్కువ కాబట్టి చిక్కటిదే మేలన్న మాటలో సగమే నిజముంది. చిక్కటి ఆయిల్ వేడిలో పొరను బాగా నిలుపుతుంది కాని, దాన్ని చిలకడానికి ఇంజను మరింత బలం వెచ్చించాలి, మైలేజీ కొంత తగ్గుతుంది, పినియన్ ముందు బేరింగు వరకు అది నెమ్మదిగా చేరుతుంది. ఎక్కువ వేడికీ బరువుకూ 140 వేయవచ్చని మీ మాన్యువల్‌లో ఉంటే, బండలు లేదా ఇసుక తోలే బండికి నిశ్చింతగా వేయండి. 90 మాత్రమే రాసి ఉంటే 90నే వేయండి.

జీఎల్-4, జీఎల్-5 అంటే ఏమిటి? గేర్ బాక్సుకు కొన్న డబ్బానే దీనికీ వాడొచ్చా?

90, 140 అనేవి చిక్కదనాన్ని చెబుతాయి. జీఎల్-4, జీఎల్-5 అనేవి ఒత్తిడిని తట్టుకునే శక్తిని చెప్పే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణాలు. జారుతూ రాసుకునే క్రౌన్-పినియన్‌కు ఎక్కువ రక్షణ కావాలి కనుక డిఫరెన్షియల్‌కు సాధారణంగా జీఎల్-5 చెబుతారు. గేర్ బాక్సులో పరిస్థితి వేరు. అక్కడ ఇత్తడి రింగులు ఉంటాయి. జీఎల్-5లోని గంధకపు రసాయనాలు కొన్ని రకాల ఆయిళ్ళలో ఇత్తడికి హాని చేస్తాయి, గేర్లు పడే తీరును కూడా చెడగొట్టవచ్చు. జీఎల్-4 అడిగే గేర్ బాక్సులో జీఎల్-5, జీఎల్-5 అడిగే డిఫరెన్షియల్‌లో జీఎల్-4 పోయడం రెండూ తప్పే, రెండో తప్పు మరింత ఖరీదైనది. అంగడిలో 'తొంభై ఆయిల్' అని మాత్రమే అడిగితే రెండింటిలో ఏదైనా చేతికి రావచ్చు. అంకెతో పాటు జీఎల్ ప్రమాణం కూడా చెప్పి అడగండి, డబ్బా మీద చదివి తీసుకోండి.

ఇంట్లో ఇంజను ఆయిల్ మిగిలి ఉంది. అదే పోస్తే?

పోయకూడదు. క్రౌన్-పినియన్‌కు కావలసిన రక్షణ రసాయనాలు ఇంజను ఆయిల్‌లో ఆ మోతాదులో ఉండవు.

ఎంత ఆయిల్ పడుతుంది?

మోడల్‌ను బట్టి, యాక్సిల్ పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. దానికంటే అర లీటరు ఎక్కువ కొని ఉంచుకుంటే పోసేటప్పుడు కొంత ఒలికినా పని మధ్యలో ఆగదు.

ఆయిల్ నకిలీది కాదని ఎలా నమ్మాలి?

సర్వో, హెచ్‌పీ, క్యాస్ట్రాల్ వంటి ఏ పేరైనా సరే, అధీకృత డీలరు దగ్గరో పెట్రోలు బంకులోనో బిల్లుతో కొనండి. మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ చూడండి. విడిగా పీపా నుంచి కొలిచి పోసే ఆయిల్ డిఫరెన్షియల్‌కు వద్దు. ఖాళీ అయిన డబ్బాకు చిల్లు పొడిచి పారవేస్తే, అందులో మరొకరు నకిలీ ఆయిల్ నింపి అమ్మలేరు.

మాది ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. తేడా ఏమైనా ఉందా?

ఉంది. ముందు యాక్సిల్‌కు కూడా డిఫరెన్షియల్ ఉంటుంది, మధ్యలో బలాన్ని రెండు యాక్సిళ్ళకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది; మూడింటికీ ఒకే ఆయిల్ అనుకోకుండా విడివిడిగా చూడాలి. వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునే రకం) ఉన్న బండికి, అందులోని క్లచ్ ప్లేట్ల కోసం తగిన రసాయనం కలిసిన ఆయిల్‌నే వాడాలి. లేకపోతే మలుపుల్లో బండి వెనక భాగం అదురుతుంది.

## బండి కిందికి వెళ్ళే ముందు

జాకీ పెట్టి లేపాలా? కింద బండరాళ్ళు పేర్చితే సరిపోతుందా?

వీలైతే లేపనే వద్దు. పికప్‌లకు నేల నుంచి ఎత్తు ఎక్కువ. లోడు దించేసిన బండి కిందికి చాలామంది లేపకుండానే దూరగలరు. లేపకపోవడం వల్ల మరో లాభం ఉంది: యాక్సిల్ నేలకు సమంగా ఉంటుంది కనుక ఆయిల్ మట్టం సరిగ్గా తెలుస్తుంది.

లేపక తప్పకపోతే రెండు విషయాలు గట్టిగా గుర్తుంచుకోవాలి. చాలా పికప్‌లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల మీదే పనిచేస్తుంది. వెనక చక్రాలు రెండూ గాలిలోకి లేస్తే నేల మీద ఉన్న ముందు చక్రాలను పట్టి ఉంచేది ఏమీ ఉండదు. ఒక్క వెనక చక్రాన్నే లేపి బండిని గేర్‌లో పెట్టినా నమ్మకం లేదు. లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంటే నేల మీది చక్రం ముందుకు కదిలే వీలును డిఫరెన్షియలే కల్పిస్తుంది. అందువల్ల ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి చెక్క దిమ్మెలు వేయండి. బండిని జాకీ మీద ఉంచి ఎన్నడూ కిందికి వెళ్ళవద్దు. సరైన బరువు తట్టుకునే స్టాండ్లను యాక్సిల్ కింద పెట్టి, చేత్తో నెట్టి కదలడం లేదని చూసుకున్నాకే వెళ్ళండి.

బండరాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. కడప బండ, బేతంచర్ల బండ మన ఇళ్ళ దగ్గర ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి కనుక చాలామంది వాటినే పేర్చి బండిని నిలుపుతారు. నేల మీద పరచినప్పుడు అవి ఎంత బరువైనా మోస్తాయి, కాని ఎగుడుదిగుడుగా పేర్చి ఒక అంచు మీద బరువు పడితే చెప్పకుండా పగులుతాయి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలదీ అదే తీరు. లోహం వంగేటప్పుడు తెలుస్తుంది, రాయి పగిలేటప్పుడు తెలియదు. ఈ ఒక్క విషయంలో దయచేసి పొదుపు చూడవద్దు. కింద పడుకున్న మనిషికి పక్కకు తొలగే సమయం దొరకదు.

ఏ సామాను సిద్ధం చేసుకోవాలి?

ఆయిల్ పోసే, దింపే రంధ్రాలను మూసే ప్లగ్‌లకు సరిపోయే స్పానర్ లేదా సాకెట్ ముఖ్యం. కొన్ని ప్లగ్‌లకు బయట ఆరు పలకల తల ఉంటుంది, కొన్నిటికి నలుచదరపు గుంట ఉంటుంది, ముందే చూసుకోండి. కొత్త వాషర్లు, వెడల్పాటి తొట్టి, వైరు బ్రష్షు, దారాలు రాలని పాత నూలు గుడ్డలు, చేతి తొడుగులు, ఒక గరాటు, రెండు మీటర్ల పారదర్శక గొట్టం కావాలి. మేస్త్రీలు మట్టం చూసే లెవల్ ట్యూబు ఇందుకు చక్కగా సరిపోతుంది. ఆయిల్ ఎక్కించడానికి పురుగుమందు పంపును మాత్రం ఎంత కడిగినా వాడవద్దు.

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు తీయాలా, చల్లారాక తీయాలా?

గోరువెచ్చగా ఉన్నప్పుడు తీయాలి. కొద్ది కిలోమీటర్లు నడిపి వస్తే ఆయిల్ పలుచబడి, అడుగున పేరుకున్న పొడి కూడా దానితో పాటు దిగుతుంది. లోడుతో చాలా దూరం తిరిగి వచ్చిన బండికి చెయ్యి కాలేంత వేడి ఉంటుంది, దాన్ని కొంతసేపు ఆగనివ్వాలి.

## పాత ఆయిల్ దింపేటప్పుడు

రెండు ప్లగ్‌లు ఉన్నాయి. ఏది ముందు విప్పాలి?

పైనున్నది, అంటే పోసే ప్లగ్. ఇది తప్పకుండా పాటించవలసిన క్రమం. కిందిది ముందు విప్పి ఆయిల్ అంతా దింపేశాక పై ప్లగ్ తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ లేని బండి ఇంటి ముందు నిలిచిపోతుంది. దాన్ని నడిపి షెడ్డుకు తీసుకువెళ్ళడానికి కూడా వీలుండదు. పై ప్లగ్ వదులయిందని తెలిశాకే కిందిదాన్ని ముట్టుకోండి. అంతకు ముందు రెండింటి చుట్టూ ఉన్న ఎర్రమట్టిని బ్రష్షుతో పూర్తిగా గీకి తుడవాలి, లేకపోతే ఆ మట్టే లోపలికి పోతుంది.

ప్లగ్ ఎంత తిప్పినా రావడం లేదు.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కొన్ని గంటలు ఆగండి. తర్వాత సరిగ్గా అతికే సాకెట్‌తో, పొడవాటి హ్యాండిల్‌తో నిదానంగా బలం పెట్టండి. పైపు రెంచి, ఉలి, సుత్తి తల చెరిపేస్తాయి. అప్పటికీ కదలకపోతే షెడ్డుకు తీసుకువెళ్ళండి. ఆయిల్ ఇంకా లోపలే ఉంది కనుక బండిని నడపవచ్చు.

మా బండికి కింద ప్లగ్ లేదు. ఎలా?

కొన్ని యాక్సిళ్ళకు వెనక మూత విప్పితేనే ఆయిల్ దిగుతుంది. అప్పుడు గ్యాస్కెట్టో సీలెంటో కొత్తది వేయాలి. పై రంధ్రం గుండా చేతి పంపుతో పీల్చే పద్ధతి కూడా ఉంది కాని, అడుగున ఉన్న పొడి కొంత మిగిలిపోతుంది.

ప్లగ్ అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద ఉంది. పాడైపోయిందా?

కాటుకలా మెత్తగా ఉన్న ముద్ద మామూలు అరుగుదలే. తుడిచేసి ప్లగ్‌ను మళ్ళీ బిగించవచ్చు. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే రేకులు, మెరిసే ముక్కలు, పంటి ముక్క వంటివి కనిపిస్తే మాత్రం కొత్త ఆయిల్ పోసి ఊరుకోకుండా హౌసింగ్ విప్పించి చూపించాలి. దిగిన ఆయిల్‌ను వెంటనే పారబోయకుండా తొట్టిలోనే కాసేపు ఉంచి, ఎండ వెలుతురులో కదిపి చూడండి. డిఫరెన్షియల్ లోపలి స్థితిని విప్పకుండా తెలుసుకునే మంచి అవకాశం ఇది.

ఆయిల్ పాలలా తెల్లగా దిగింది. ఎందుకు?

నీళ్ళు కలిశాయి. ఒక్కసారిగా వాన పడి వంకలు రోడ్డు మీదికి పొంగినప్పుడు చాలామంది నీళ్ళలోంచే దాటిస్తారు. దూరం నుంచి వచ్చి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చల్లని నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (యాక్సిల్ పైనుండే గాలి మూత) గుండానో పాతబడిన సీళ్ళ గుండానో నీటిని లోపలికి లాగుతుంది. నీళ్ళు కలిసిన ఆయిల్ బేరింగులకు తుప్పు పట్టిస్తుంది కనుక, గడువు రాకపోయినా మార్చాలి. కొత్తది పోసి కొన్ని రోజులు తిరిగాక మళ్ళీ తెల్లబడితే దాన్నీ మార్చి, సీళ్ళు చూపించండి.

లోపల కిరసనాయిలు పోసి కడగాలా?

వద్దు. మూలల్లో మిగిలిన కిరసనాయిలు కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది.

## కొత్త ఆయిల్ పోసేటప్పుడు

పోసే రంధ్రం పక్కన ఉంది. డబ్బా వంచడానికి చోటు లేదు. ఎలా పోయాలి?

గొట్టం ఒక కొనను రంధ్రంలో పెట్టి, రెండో కొనకు గరాటు బిగించి, బండి పక్కన ఎత్తుగా పట్టుకుని ఒకరు పోస్తుంటే మరొకరు కింద చూస్తుండాలి. ఈ ఆయిల్ నిదానంగా దిగుతుంది. డబ్బాను ముందుగా కాసేపు ఎండలో పెడితే సులువవుతుంది.

ఎంతవరకు నింపాలి?

బండి సమతలంగా ఉండగా రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ వచ్చి, సన్నగా బయటికి కారడం మొదలైతే చాలా బండ్లకు అదే సరైన మట్టం. కొన్ని మోడళ్ళకు అంచు కంటే కొంచెం కిందికి ఉండాలని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. వాలులో నిలిపిన బండికి ఈ కొలత పనికిరాదు. కారడం ఆగాక ప్లగ్‌ను ముందు చేత్తోనే మరలు పట్టేదాకా తిప్పి, ఆ తర్వాతే స్పానర్ వాడండి.

కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే కదా?

కాదు. ఎక్కువైన ఆయిల్‌ను క్రౌన్ వీల్ చిలికి నురగ చేస్తుంది. నురగ పళ్ళను కాపాడలేదు. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ యాక్సిల్ సీళ్ళను దాటుకుని బ్రేకు డ్రమ్ములోకి చేరితే లైనర్లు జారుతాయి. లోడుతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోవడం ఎంత ప్రమాదమో ఇక్కడి డ్రైవర్లకు చెప్పనక్కరలేదు.

బ్రీదర్ అంటే ఏది? దాన్ని ఎందుకు చూడాలి?

యాక్సిల్ పైభాగంలో ఉండే చిన్న గాలి మూత. కొన్ని బండ్లలో దానికి సన్నని గొట్టం ఉంటుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి పోయే దారి అదే. దుమ్ము, ఎండిన బురద దాన్ని మూసేస్తే ఆ ఒత్తిడి సీళ్ళ మీద పడుతుంది. మంచి సీలు కూడా కారుతోందని పదేపదే మార్పించేవారు ముందు దీన్ని శుభ్రం చేసి చూడాలి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ దీన్ని తుడవడం తప్పనిసరి అలవాటుగా చేసుకోండి.

పాత వాషర్ బాగానే ఉంది. కొత్తది అవసరమా?

అవసరమే. రాగి, అల్యూమినియం వాషర్లు ఒకసారి నలిగి అతుక్కుంటాయి, రెండోసారి అంత బాగా పట్టవు.

## పని అయ్యాక

అంతా సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

ఖాళీ బండిని కొద్ది దూరం నడిపి, నిలిపి, రెండు ప్లగ్‌ల చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. మర్నాడు ఉదయం బండి కింద ఒక అట్టముక్క పరచి ఉంటే చిన్న చుక్క పడినా తెలుస్తుంది. వారం తర్వాత చల్లగా ఉన్నప్పుడు పై ప్లగ్ విప్పి మట్టం మరొకసారి సరిచూడండి. చక్రాల లోపలి వైపు తడి కనిపిస్తే బ్రేకులు చూపించే వరకు లోడు వేయవద్దు. మార్చిన తేదీ, కిలోమీటర్ల రీడింగు, ఆయిల్ గ్రేడు రాసి బిల్లుతో పాటు దాచండి.

పాత ఆయిల్‌ను ఏం చేయాలి? చెదలకు పూస్తామని అడుగుతున్నారు.

ఇవ్వవద్దు. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల కిందికి వస్తుంది. అందులో లోహపు పొడి, కాలిన రసాయనాలు ఉంటాయి; వాసాలకో సెంట్రింగ్ పలకలకో పూస్తే అవి ముట్టుకున్నవారి చర్మానికి అంటుకుంటాయి. కాలువలోనో ఖాళీ స్థలంలోనో పారబోస్తే వానతో పాటు నేలలోకి దిగుతాయి. తాగడానికీ సాగుకూ బోరు నీళ్ళ మీద ఎక్కువగా ఆధారపడే అనంతపురం వంటి చోట దానివల్ల కలిగే నష్టం పోసినవారి ఇంటితో ఆగదు. దిగిన ఆయిల్‌ను మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, నీళ్ళు, పెట్రోలు కలపకుండా, లైసెన్సు ఉన్న రీసైక్లర్లకు వాడిన ఆయిల్ అప్పగించే సర్వీస్ సెంటరులో ఇవ్వండి. ఆయిల్ తుడిచిన గుడ్డలను కూడా పొయ్యిలో కాల్చకుండా ఆ డబ్బాతో పాటే ఇచ్చేయండి.